పాత జీపు స్టీరింగు ఆడుతోందా? టై రాడ్ ఎండ్లు తక్కువ ఖర్చులో మార్చడం ఎలా?

స్టీరింగు ఆడుతోందని బండి తీసుకెళితే చాలా షెడ్లలో స్టీరింగు బాక్సు మీదున్న స్క్రూను పావు చుట్టు బిగించి పంపేస్తారు. రెండు రోజులు బాగున్నట్టే అనిపిస్తుంది. తర్వాత బాక్సు లోపలి పళ్లు నడుమన బిగుసుకుపోయి, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. అసలు లూజు మాత్రం కింద టై రాడ్ ఎండ్లలో, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు చివర్ల జాయింట్లలో, అలాగే ఉంటుంది. అనంతగిరి ఘాట్ దిగుతూ ఒక చక్రం గుంటలో పడితే ఆ లూజే ముందు చక్రాలు రెండింటినీ గజగజా ఊపేస్తుంది. అందుకే లింకులన్నీ సరిచేశాకే బాక్సు జోలికి వెళ్లాలి.

ఇక్కడ చెప్పేది ముందు వైపు కూడా కమాను పట్టీలు, బారు యాక్సిల్ ఉన్న పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీల గురించి. లింకుల అమరిక కొద్దిగా మారినా పద్ధతి ఇదే.

ఏది అరిగిందో తేల్చుకోండి

బండి నేల మీదే ఉండాలి, ఇంజను ఆపి ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగును అటూ ఇటూ అరచేతి వెడల్పంత ఆడిస్తుంటే, మీరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేళ్లు పెట్టి చూడండి. రాడ్డు కదిలి, అది తగిలించి ఉన్న ఆర్మ్ (ఉక్కు చేయి) కదలకపోతే ఆ ఎండు పోయినట్టే. స్టీరింగు బాక్సు నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, దాని కదలికను చక్రాల వైపు చేరవేసే డ్రాగ్ లింకు రెండు చివర్లు, టై రాడ్డు రెండు చివర్లు, బాక్సును ఛాసిస్‌కు పట్టే బోల్టులు, అన్నీ చూడాలి. బాక్సు బోల్టు లూజై ఉంటే కొత్త ఎండ్లు వేసినా డబ్బు దండగే.

తర్వాత చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ను (చక్రం అటూ ఇటూ మళ్లేందుకు ఆధారమైన పిన్ను). ఇవి అరిగి ఉంటే ముందు అవి చేయించాలి. ఊపును అణిచే స్టీరింగు డ్యాంపరు కొత్తది వేస్తే ఊపు కొన్నాళ్లు కనపడదు, అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

కొనడం

రాడ్డు వంగకపోతే పాతదే ఉంచండి. గచ్చు మీద దొర్లిస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది. వంగిన రాడ్డును కాల్చి సరిచేయించకూడదు, వెల్డింగు అసలే వద్దు. దాని బదులు ఆటోనగర్‌లో పాత బండి నుంచి తీసిన తిన్నని రాడ్డు తెచ్చుకోవచ్చు, అక్కడ డబ్బు మిగులుతుంది. ఎండ్లు మాత్రం పాతవి కొనకండి. రాణే లాంటి పేరున్న కంపెనీవి, గ్రీజు నిపుల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే మూతి) ఉన్నవే తీసుకోండి. నిపుల్ లేని ఎండు మన్యం వాగుల్లో తిరిగే బండికి పనికిరాదు. లోపలికి నీళ్లు చేరితే వాటిని కొత్త గ్రీజుతో బయటికి నెట్టే దారే ఉండదు.

టై రాడ్డుకు ఒక ఎండు కుడి మర, రెండోది ఎడమ మర. దుకాణంలోనే రెండూ సరిచూసుకోండి, ఒకే రకం రెండు కట్టి ఇవ్వడం తరచూ జరుగుతుంది. నట్టు ఊడకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్నులు నాలుగు అదనంగా తీసుకోండి. జాకీ, రెండు స్టాండ్లు, పానాలు, వైరు బ్రష్, కిలో బరువున్న సుత్తి ఒకటి, అంతకంటే బరువైనది ఇంకొకటి, టేపు, చాక్‌పీసు ఉంటే సరిపోతుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, యాక్సిల్ కింద స్టాండ్లు వేయండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరకండి.

ఎండు ఊడదీయడం

ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే. సముద్రపు గాలి తగిలే ఊళ్లో నట్టూ, ఎండు నుంచి వచ్చి ఆర్మ్ కన్నంలో దూరే మరల కడ్డీ అయిన స్టడ్డూ ఒకటైపోయి ఉంటాయి. భీమిలి రోడ్డు పక్కన ఆరుబయట ఉండే బండికైతే మరీనూ. పని మొదలుపెట్టే ముందు రోజు రాత్రే వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున్న ఇంకోసారి కొట్టండి.

స్ప్లిట్ పిన్ను తీసి నట్టు వదులు చేయండి, పూర్తిగా తీసేయకండి. నాలుగైదు మరలు పట్టి ఉండాలి, లేకపోతే స్టడ్డు వదిలిన క్షణంలో రాడ్డు ముఖం మీదికి వస్తుంది. నట్టుతో పాటు స్టడ్డు కూడా తిరుగుతుంటే, జాయింటు కింద చిన్న జాకీ పెట్టి కొద్దిగా పైకి ఒత్తండి. స్టడ్డు ఏటవాలు భాగం ఆర్మ్ కన్నంలో బిగిసి తిరగడం ఆగుతుంది.

ఇప్పుడు స్టడ్డు కొస మీద సుత్తితో బాదకండి. అలా కొడితే మర చితికి, స్టడ్డు వంగి, నట్టు కూడా రాకుండా పోతుంది. కొట్టాల్సింది ఆర్మ్ కన్నాన్ని, అదీ పక్క నుంచి. బరువైన సుత్తిని కన్నానికి ఒక పక్క గట్టిగా ఆనించి పట్టుకోండి. ఎదురు పక్క నుంచి కిలో సుత్తితో చురుగ్గా కొట్టండి. ఏటవాలు స్టడ్డు కన్నంలో నిలబడేది ఒరిపిడి వల్లే. రెండు పక్కల నుంచి అదురు తగిలితే కన్నం ఒక్క క్షణం లిప్తపాటు సాగి ఆ పట్టు వదిలేస్తుంది. మెల్లగా ఇరవై దెబ్బలు కొట్టినా రాని ఎండు, తిన్నగా తగిలిన మూడు గట్టి దెబ్బలకు వస్తుంది. అప్పటికీ మొండికేస్తే సహాయకుడు గడ్డపారతో రాడ్డును కిందికి ఒత్తి పట్టుకోవాలి. ఒత్తిడి ఉండగా అదురు తగలాలి, ఒక్క ఒత్తిడితో రాదు.

చాలామంది రెండు కాళ్ల ఫోర్కు దూర్చి కొడతారు. ఎండు వస్తుంది, దాని మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరుగుతుంది. పారేసే ఎండుకైతే పరవాలేదు. కానీ పక్కదాన్ని తీసి మళ్లీ వేయాల్సి వస్తే మంచి ఎండు కూడా పాడవుతుంది. గ్యాసు మంటతో కాల్చడం ఇంకా ప్రమాదం. ఆర్మ్ పోతపోసి గట్టిపరిచిన ఉక్కు అయినా, సుత్తెపోటున తయారైన ఉక్కు అయినా, ఎర్రగా కాలిందంటే దాని గట్టితనం పోతుంది. విరిగే రోజు ముందుగా చెప్పదు. స్క్రూ పుల్లరు దొరికితే వాడుకోవచ్చు. దాన్ని బిగించి ఉంచి పక్క నుంచి ఒక్క దెబ్బ వేస్తే చాలు.

పొడవు కొలిచి కొత్తది వేయడం

రాడ్డు మొత్తం బయటికి తీశాక, ఒక స్టడ్డు నడిమి నుంచి రెండో స్టడ్డు నడిమికి టేపు పెట్టి రాసుకోండి. చుట్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు, కొత్త ఎండు మెడ పొడవు పాతదానికి సమానంగా ఉండకపోవచ్చు. మరలకు పలచగా గ్రీజు రాసి రెండు వైపులా సమానంగా ఎక్కించి, రాసుకున్న కొలతకు తెండి. స్టడ్డు ఏటవాలు భాగానికి, ఆర్మ్ కన్నానికి గ్రీజు అంటకూడదు. రెండూ శుభ్రంగా, పొడిగా ఉండాలి. కన్నం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే కొత్త ఎండు అందులో నిలవదు, ఆర్మ్ మార్చాల్సిందే.

నట్టు మాన్యువల్లో ఉన్న టార్క్‌కు బిగించండి. నట్టు మీది గాడి, స్టడ్డులోని పిన్ను కన్నానికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించి తర్వాతి గాడికి తేవాలి, వెనక్కి తిప్పకూడదు. పిన్ను బదులు కట్టుతీగ, మేకు పెట్టకండి. ఎండు రాడ్డులో తిరగకుండా పట్టే లాక్ నట్లు బిగించే ముందు రెండు ఎండ్లూ ఒకే వాలులో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వాలి ఉంటే రాడ్డు తన చుట్టూ తాను కొద్దిగా తిరిగే వీలు పోయి, పట్టీలు వంగినప్పుడల్లా స్టడ్డు మీద ఒత్తిడి పడుతుంది. ఆఖరున బూటు కాస్త ఉబ్బేదాకా గ్రీజు కొట్టండి, పగిలేదాకా వద్దు.

టో సరిచేయడం

టో అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత. చక్రం లేపి తిప్పుతూ, టైరు నడుమ చాక్‌పీసు పూసి మేకుతో ఒక సన్నని గీత గీయండి. రెండు టైర్లకూ గీశాక బండి దించి, రెండు మూడు మీటర్లు ముందుకు తోయండి. దించిన చోటే కొలిస్తే పట్టీలు సర్దుకోక కొలత తప్పుతుంది. హబ్ ఎత్తులో గీతల మధ్య దూరం ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి కొలవండి. ముందు కొలత 2 నుంచి 4 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పెట్టండి. లాక్ నట్లు వదులు చేసి రాడ్డును నడుమ పట్టుకుని తిప్పితే, రెండు మరలూ వ్యతిరేక దిశలు కాబట్టి పొడవు మారుతుంది. టో మరీ లోపలికి ఉంటే టైరు బయటి అంచు, బయటికి ఉంటే లోపలి అంచు అరుగుతాయి.

తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు వంకరగా ఉంటే స్టీరింగు చక్రాన్ని ఊడదీసి మార్చకండి. స్టీరింగు ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగంలో ఆపి, అక్కడ ముందు చక్రాలు తిన్నగా నిలిచేలా డ్రాగ్ లింకు పొడవు మార్చండి. స్టీరింగు బాక్సు లోపల బిగువు నడుమనే ఎక్కువగా ఉంటుంది. నడుమ తప్పి నడిపితే తిన్నని రోడ్డు మీద కూడా ఆట తెలుస్తుంది.

మొదటి పరుగు ఖాళీ రోడ్డు మీద 30 వేగంతో చాలు. అరకు, పాడేరు ఘాట్లు ఆ రోజుకు వద్దు. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక లాక్ నట్లు, పిన్నులు మళ్లీ చూడండి. వాగు దాటి వచ్చిన ప్రతిసారీ, బూటు అంచున శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా నిపుల్‌కు గన్ను పెట్టి కొట్టండి.