కనురెప్పల సర్జరీకి ముందు జాగ్రత్తలు

అందం కోసమా, రెప్ప వాలి చూపుకు అడ్డొస్తోందనా? ముందు అది తేల్చుకోండి.

• విశాఖలో కంటి డాక్టర్లకు కొదవలేదు. ఆక్యులోప్లాస్టీలో, అంటే కనురెప్పలకూ కంటి చుట్టూ చేసే ప్లాస్టిక్ సర్జరీలో, అనుభవమున్నవారినే వెతకండి. పార్లర్ సలహాలు వద్దు.

• కళ్లు పొడిబారడం, థైరాయిడ్, బీపీ దాచొద్దు. చర్మం ఎక్కువ తీసేస్తే రెప్ప పూర్తిగా మూసుకోదు. పొడి కళ్లవాళ్లకు ఇక మంటే మంట.

• ఆస్పిరిన్ వాడితే రక్తస్రావం ఎక్కువవుతుంది. అలాగని గుండె డాక్టర్‌ని అడక్కుండా మానేయకండి.

• కుట్లు సుమారు వారానికి తీస్తారు. వాపు, కమిలిన నలుపు రెండు వారాలైనా ఉండొచ్చు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని చేయించుకుంటే ఫొటోల్లో నల్లకళ్లద్దాలే!

• ఆర్కే బీచ్ ఇసుక గాలి, రుషికొండ స్నానాలు డాక్టర్ సరేననేదాకా బంద్.

• ఆపరేషనయ్యాక తీవ్రమైన నొప్పి, కన్ను ముందుకు తోసుకురావడం, చూపు మసకబారడం కనిపిస్తే అర్ధరాత్రైనా పరుగెత్తండి. కంటి వెనక రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు.