ఎమ్మెల్యే ‘రాజకీయ ప్రస్థానం’ రాసే ముందు చూడాల్సినవి

‘విద్యార్థి దశ నుంచే నాయకత్వ లక్షణాలు’, ‘అంచెలంచెలుగా ఎదిగి’, ‘ప్రజాసేవే పరమావధిగా’... ఎన్నికలొచ్చాయంటే పత్రిక జిల్లా డెస్కుకు వచ్చే ఎమ్మెల్యేల ప్రొఫైళ్లన్నీ ఈ మూడు ముక్కలతోనే వస్తాయి. ఎమ్మెల్యే పీఏ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ను కంట్రిబ్యూటర్ మళ్లీ టైపు చేసి పంపుతాడు. సబ్‌ఎడిటర్ ‘గారు’లు తీసేస్తాడు. పేజీ వెళ్లిపోతుంది. కరీంనగర్‌లో చాలా ఏళ్లు ఈ ‘గారు’లు తీసే పని చేశాను. ఇప్పుడు రిటైరయ్యాక, కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చిన పిల్లలు ఫోన్ చేసి ‘సార్, ప్రొఫైల్ ఎట్ల రాయాలె?’ అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయం.

ముందు వాక్యం రాయకండి, పట్టిక గీయండి. ఏడాది, నియోజకవర్గం, పార్టీ, పొత్తు, సాధారణ ఎన్నికా ఉప ఎన్నికా, ఎవరి మీద పోటీ, గెలుపా ఓటమా. ఈ గడులన్నీ నిండేదాకా పీఏ పీడీఎఫ్ తెరవొద్దు. దీనికి ఆధారం ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉన్న గణాంక నివేదికలు. 1951-52 నుంచి ప్రతి సాధారణ ఎన్నికకూ ఒక నివేదిక ఉంది. అందులో నియోజకవర్గాల వారీగా అభ్యర్థుల పేర్లు, పార్టీ, ఓట్లు దొరుకుతాయి. అయితే ఉప ఎన్నికలు వాటిలో ఉండవు, వేరే వెతకాలి. మన దగ్గర ప్రొఫైళ్లు సగం తప్పులతో రావడానికి కారణం ఇదే.

మా జిల్లా నుంచే ఒక పేరు తీసుకుందాం. ఈటల రాజేందర్. ఆయనను ‘ఏడుసార్లు ఎమ్మెల్యే’ అని ఒకరు రాస్తారు, ‘నాలుగుసార్లు ఎమ్మెల్యే’ అని ఇంకొకరు రాస్తారు. ఇద్దరూ వాదించుకోవడం కూడా విన్నాను. పట్టిక గీస్తే గొడవ తీరిపోతుంది. 2004 సాధారణ ఎన్నిక, 2008 ఉప ఎన్నిక, 2009 సాధారణ, 2010 ఉప, 2014 సాధారణ, 2018 సాధారణ, 2021 ఉప. గెలుపులు ఏడు. సభలు నాలుగే: ఉమ్మడి రాష్ట్రంలో 12, 13వ శాసనసభలు, తెలంగాణలో మొదటి, రెండో శాసనసభలు. కాబట్టి ‘ఏడు విజయాలు, నాలుగు సభలు’ అని రాయండి. ఎన్టీఆర్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. 1983లో గుడివాడ, తిరుపతి, 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ, 1989లో హిందూపురం, 1994లో హిందూపురం, టెక్కలి. సీట్లు ఎనిమిది, సభలు నాలుగు. 1989లో కల్వకుర్తిలో ఓడారన్నదీ అదే పట్టికలో ఉండాలి. (మూడు చోట్ల పోటీ చేయడం ఇప్పుడు కుదరదు. 1996 సవరణ తర్వాత రెండు సీట్లకు మించి నామినేషన్లు వేయకూడదు.)

రెండో గడి, నియోజకవర్గం. ‘2004 నుంచి హుజూరాబాద్‌కు ప్రాతినిధ్యం’ అని ఈటల గురించి రాసిన కాపీలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. తప్పు. 2004లోనూ, 2008లోనూ ఆయన గెలిచింది కమలాపూర్‌లో. అప్పటికి హుజూరాబాద్ విడిగా ఉంది, అక్కడ టీఆర్‌ఎస్ ఎమ్మెల్యే కెప్టెన్ లక్ష్మీకాంతరావు. 2009 ఎన్నికలకు నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చాక కమలాపూర్ సీటు మాయమై, కమలాపూర్ మండలం హుజూరాబాద్‌లో కలిసింది. తర్వాత 2016లో జిల్లాలు మారాయి. ఆ మండలం వరంగల్ అర్బన్‌లోకి వెళ్లింది, 2021లో అదే హనుమకొండ జిల్లా అయింది. అంటే ఒకే నియోజకవర్గం రెండు జిల్లాల్లో ఉంది. ‘కరీంనగర్ జిల్లా కమలాపూర్’ అన్న మాట 2015 వార్తలో ఒప్పు, ఇప్పుడు తప్పు. 2009కి ముందు గెలిచిన ఏ ఎమ్మెల్యే ప్రొఫైల్ చేతికొచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఆ సీటు ఇప్పుడుందా? ఉంటే అవే మండలాలా?

పొత్తు గడి చాలామంది అసలు పెట్టరు. అది లేకపోతే రాజకీయం అర్థం కాదు. 2004లో టీఆర్‌ఎస్, కాంగ్రెస్ పొత్తు. ఆ పొత్తులో ఈటల ఓడించింది నాలుగుసార్లు గెలిచి ఉన్న టీడీపీ ఎమ్మెల్యే ముద్దసాని దామోదర్ రెడ్డిని. 2009కి వచ్చేసరికి టీఆర్‌ఎస్ మహాకూటమిలో టీడీపీ పక్కన నిలబడింది, ఎదురుగా కాంగ్రెస్. 2010లో ఒంటరి పోరు, ఎదురుగా మళ్లీ దామోదర్ రెడ్డి. ఆరేళ్లలో ప్రత్యర్థి మిత్రపక్షమై మళ్లీ ప్రత్యర్థి అయ్యాడు. ఊళ్లో కార్యకర్త ఏ గోడ మీద ఏ గుర్తు వేశాడో, ఏది చెరిపాడో ఊహించుకోండి. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ‘అంచెలంచెలుగా’ అన్న మాట అవసరం ఉండదు.

రాజీనామాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘రాజీనామా చేశారు’ అనేది సగం వార్తే. లేఖ స్పీకర్ ఫార్మాట్‌లో (సభ నియమాల్లో చెప్పిన నమూనాలో) ఉందా, స్పీకర్ ఆమోదించారా అన్నది మిగతా సగం. 2011 జూలైలో తెలంగాణ ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు, స్పీకర్ తిరస్కరించారు. సభ్యత్వాలు ఉన్నట్టే ఉన్నాయి. అంతకుముందు 2010లో ఇచ్చినవాటిలో ఆమోదం పొందినవే ఆ ఏడాది జూలైలో 12 ఉప ఎన్నికలకు దారితీశాయి. పదకొండు టీఆర్‌ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. మీ ఎమ్మెల్యే ‘ఉద్యమం కోసం పదవిని తృణప్రాయంగా వదిలారు’ అని పీడీఎఫ్‌లో ఉంటే, ఆ తర్వాత అక్కడ ఉప ఎన్నిక జరిగిందా లేదా చూడండి. జరగకపోతే పదవి ఎక్కడికీ పోలేదన్నమాట.

పార్టీ పేరు అప్పటిదే రాయాలి. 2018 వరుసలో టీఆర్‌ఎస్, 2023 వరుసలో బీఆర్‌ఎస్. పాతతరం నాయకులైతే 1978 దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి. ఆ ఏడాది రెండు కాంగ్రెస్‌లు బరిలో ఉన్నాయి. చంద్రబాబు చంద్రగిరిలో గెలిచింది ఇందిరా కాంగ్రెస్ నుంచి. వైఎస్ పులివెందులలో గెలిచింది రెడ్డి కాంగ్రెస్ (బ్రహ్మానందరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్) నుంచి. నివేదికలో ఒకదానికి పక్కన బ్రాకెట్లో ‘ఐ’ ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఆ చిన్న బ్రాకెట్ చూడకుండా ‘కాంగ్రెస్’ అని రాసేస్తే పెద్ద కథ ఎగిరిపోతుంది.

‘పార్టీ మారారు’ అనే మాటకూ రకాలున్నాయి. రాజీనామా చేసి మారి మళ్లీ గెలవడం ఒకటి. సభ్యత్వం వదలకుండా కండువా మార్చడం ఇంకొకటి. మూడోది విలీనం. 2003లో 91వ రాజ్యాంగ సవరణ మూడింట ఒక వంతు చీలిక వెసులుబాటు తీసేసింది, మూడింట రెండు వంతుల విలీనాన్ని ఉంచింది. 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీ అయి రాజీనామా చేయడంతో 18 మిగిలారు. 2019 జూన్‌లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 18లో 12 సరిగ్గా మూడింట రెండు. ఆ పన్నెండు మందిలో ఒకరి గురించి రాస్తుంటే ‘ఫిరాయింపు’ అని మీ నోటితో తేల్చకండి, ‘విలీనం’ అని తేలిక చేయకండి. జరిగింది జరిగినట్టు, తేదీతో రాయండి.

ఇక కిందిస్థాయి పదవులు. పీడీఎఫ్‌లో తేదీలు తారుమారయ్యేది ఇక్కడే. ‘1980లో మండలాధ్యక్షుడు’ అని ఉంటే కొట్టేయండి. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందున్నది పంచాయతీ సమితి ప్రెసిడెంటు. ‘1987లో జెడ్పీటీసీ’ కూడా అంతే, 1994 చట్టం తర్వాత గానీ జెడ్పీటీసీలు, ఎంపీటీసీలు లేరు. కోస్తా, రాయలసీమ వైపు తాతగారి గురించి ‘1957 సాధారణ ఎన్నికల్లో ఎమ్మెల్యే’ అని రాసినా అనుమానించాలి. అక్కడ ఎన్నికలు 1955లోనే జరిగాయి, 1957లో ఓటేసింది తెలంగాణ ప్రాంతం. 1985 నుంచి 2007 మధ్య ‘ఎమ్మెల్సీ’ అంటే మరీ నవ్వొస్తుంది. ఆ కాలంలో శాసనమండలే లేదు.

అఫిడవిట్ (నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఆస్తులు, కేసులు చెప్తూ ఇచ్చే ప్రమాణపత్రం) దగ్గర తీరిగ్గా కూర్చోండి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యాన 2004 అసెంబ్లీ ఎన్నికల నుంచి మనకు ఈ కాగితాలు దొరుకుతున్నాయి. ఫారం 26 అంటారు. ఒక్క అఫిడవిట్ చదివితే పెద్దగా ఏమీ తెలియదు, వరుసగా మూడు పక్కపక్కన పెట్టుకోవాలి.

‘ఆస్తులు ఐదేళ్లలో ఐదింతలు’ అని హెడ్డింగ్ పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగి, స్థిరాస్తుల పేజీకి వెళ్లండి. వ్యవసాయ భూమి గడిలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ వేర్వేరుగా ఉంటాయి. పాత అఫిడవిట్‌లోని అదే సర్వే నంబరు, అవే ఎకరాలు కొత్తదానిలోనూ ఉండి విలువ మాత్రం పెరిగిందా? అయితే పెరిగింది రోడ్డు పక్క భూమి ధర. కొత్త సర్వే నంబర్లు చేరాయా? అప్పుడు కొన్న తేదీ చూసి, ఆ ఏడాది ఆదాయం గడితో సరిపోల్చండి. 2019 సవరణ తర్వాత ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం చెప్పాలి కాబట్టి ఈ పని ఇప్పుడు తేలికైంది. భార్య లేదా భర్త, ఉమ్మడి హిందూ కుటుంబం, ఆధారపడినవాళ్లు, ఈ గడులు వదలొద్దు. ఒక ఎన్నికలో ఆధారపడినవాడిగా ఉన్న కొడుకు వచ్చే ఎన్నికకు పెళ్లయి వేరుపడితే అతని ఆస్తి కాగితం మీంచి జారిపోతుంది, మొత్తం తగ్గినట్టు కనిపిస్తుంది. రిటర్నింగ్ అధికారి ఈ అంకెలు నిజమో కాదో తేల్చరు. అందుకే ‘ఆస్తి ఇంత’ అనొద్దు, ‘ప్రకటించిన ఆస్తి ఇంత’ అనండి.

కేసుల జాబితాలో సంఖ్య చూసి బెదరకండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్‌స్టేషన్, సెక్షన్లు అన్నీ రాసి ఉంటాయి. రైల్వే పోలీసుల పేరు మళ్లీ మళ్లీ వస్తే అవి ఎక్కువగా రైల్‌రోకో కేసులు. ఉద్యమంలో తిరిగిన ఎమ్మెల్యేకి పదుల్లో కేసులుండొచ్చు, ఏమీ తిరగని ఎమ్మెల్యేకి ఒకే ఒక్క భూకబ్జా కేసు ఉండొచ్చు. సెక్షన్ ఏమిటో లాయర్‌ని అడిగి తెలుసుకుని, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నదీ రాయండి. సంఖ్య మాత్రమే రాస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

సభలో ఏం చేశారన్నది కొద్దిగా చాలు, కానీ చూడాలి. శాసనసభ చర్చల ప్రతులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఒక్క హెచ్చరిక: ప్రశ్నల జాబితాలో ఒక ప్రశ్న కింద నలుగురైదుగురి పేర్లు ఉంటాయి. పేరున్నంత మాత్రాన వాళ్లంతా లేచి మాట్లాడారని కాదు. ప్రతి తెరిచి మాటలు చదవండి. ఏ కమిటీలో ఉన్నారో కూడా రాయండి. ప్రజా పద్దుల కమిటీ చైర్మన్ పదవి ఆనవాయితీగా ప్రతిపక్షానికి వెళ్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నాయన కాగ్ నివేదికల మీద ఏమడిగాడన్నది ఆయన ప్రారంభించిన సీసీ రోడ్ల జాబితాకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇవన్నీ చూసేదాకా ఊళ్లోకి వెళ్లొద్దు. వెళ్లాక మాత్రం మొదటి టికెట్ ఎవరిప్పించారని అడగండి. ఎమ్మెల్యే ఈ ప్రశ్నకు ‘ప్రజలు’ అంటాడు. సొంతూళ్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చునే మాజీ సర్పంచిని అడిగితే పేరు, రోజు, ఏ కారులో హైదరాబాద్ వెళ్లారో కూడా చెప్తాడు. అందులో సగం గొప్పలుంటాయి, మిగతా సగాన్ని ఇంకో ఇద్దరి దగ్గర సరిచూసుకోండి. ఓడినప్పుడు పక్కన ఎవరున్నారు, గెలిచాక ఎవరు దూరమయ్యారు అన్నది కూడా అక్కడే దొరుకుతుంది. సొంతూరి బూత్‌లో ఎన్ని ఓట్లొచ్చాయో ముందే ఫారం 20లో చూసుకుని వెళ్లండి. అది బూత్‌ల వారీ ఫలితాల పట్టిక, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటుంది. ‘మా ఊరంతా సార్ వెనకే’ అన్నవాడికి ఆ అంకె చూపిస్తే మాట మారుతుంది.

ఇంత చేశాక రాసేది ఎంత? ఈటల విషయంలోనైతే ఇంతే:

‘సొంతూరు కమలాపూర్. 2004లో కాంగ్రెస్ పొత్తుతో టీఆర్‌ఎస్ అభ్యర్థిగా కమలాపూర్‌లో ముద్దసాని దామోదర్ రెడ్డి (టీడీపీ)ని ఓడించి అసెంబ్లీకి వచ్చారు. 2008 ఉప ఎన్నికలో అక్కడే గెలిచారు. పునర్విభజనలో ఆ సీటు రద్దవడంతో 2009లో హుజూరాబాద్‌కు మారి, అక్కడ 2010 ఉప ఎన్నికలోనూ, 2014, 2018లోనూ గెలిచారు. ఉమ్మడి రాష్ట్రంలో టీఆర్‌ఎస్ శాసనసభాపక్ష నేత. తెలంగాణ తొలి ఆర్థిక మంత్రి, 2019 నుంచి ఆరోగ్య మంత్రి. 2021 మేలో మంత్రివర్గం నుంచి తొలగించారు. జూన్‌లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బీజేపీలో చేరారు. అదే ఏడాది ఉప ఎన్నికలో గెల్లు శ్రీనివాస్ యాదవ్ (టీఆర్‌ఎస్)పై గెలిచారు. 2023లో హుజూరాబాద్‌లో పాడి కౌశిక్ రెడ్డి (బీఆర్‌ఎస్) చేతిలో, గజ్వేల్‌లో కేసీఆర్ చేతిలో ఓడారు. 2024లో మల్కాజిగిరి ఎంపీ.’

కౌశిక్ రెడ్డి పేరు దగ్గర ఒక పక్కమాట కలపొచ్చు. 2018లో కాంగ్రెస్ తరఫున ఈటల చేతిలో ఓడింది ఆయనే. దానికి చోటు లేకపోతే ‘తొలి ఆర్థిక మంత్రి’ తీసైనా దీన్ని ఉంచండి.

వయసు దగ్గర అఫిడవిట్‌నే నమ్మండి, కానీ మూడు అఫిడవిట్లలోనూ చూడండి. ఐదేళ్లకు మూడేళ్లే పెరిగిన నాయకులున్నారు. అలాంటప్పుడు పుట్టిన తేదీ వదిలేసి, ‘2023 అఫిడవిట్ ప్రకారం వయసు’ అని అంకె వేయండి. పేజీ వెళ్లే ముందు పీఏకి ఫోన్ చేసి తేదీలు మాత్రం చదివి వినిపించండి. ఓడిన సంవత్సరం తీసేయమంటాడు. గెలిచినవి తీసుకున్న నివేదికలోనే అదీ ఉందని చెప్పి, ఫోన్ పెట్టేయండి.