పడవలో నెట్ పోతోందా? సిమ్ మార్చే ముందు మల్టీమీటర్ తీయండి

ప్రకాశం బ్యారేజీకి ఎగువన పడవల్లో ఉండేవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పేది దాదాపు ఒకటే మాట: "సిగ్నల్ ఫుల్లుగా ఉందండీ, నెట్ మాత్రం నిలవట్లేదు." అప్పటికే రెండు కంపెనీల సిమ్‌లు మార్చేసి, కొత్త యాంటెన్నా కొనేసి ఉంటారు. ఆ డబ్బులు మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

మొదట ఐదు నిమిషాల పని ఒకటుంది. రూటర్ (సిమ్ వేసుకుని పడవలో వైఫై ఇచ్చే పెట్టె) లోని సిమ్ తీసి ఫోన్‌లో వేయండి, అదే పడవలో, అదే చోట నిలబడి ఇంటికి వీడియో కాల్ చేయండి. పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగితే టవర్‌దీ తప్పు కాదు, సిమ్‌దీ రీచార్జిదీ తప్పు కాదు. తప్పు పడవలోనే ఉంది. ఫోన్‌లోనూ రాకపోతే ఆ రోజు డేటా అయిపోయిందేమో చూసుకోండి, చాలాసార్లు అంతే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నన్ను భవానీపురం ఒడ్డు దాకా రప్పించినవాళ్లే ఎక్కువ. దయచేసి చేయండి.

లక్షణం: మెసేజ్‌లు వెళ్తాయి, వీడియో కాల్ ఎత్తగానే తెగిపోతుంది. పగలు పర్వాలేదు, రాత్రి మరీ ఎక్కువ.

కారణం నెట్‌వర్క్ కాదు, రూటర్‌కి అందే కరెంటు. ఇది తెలుసుకోవడానికి నేను ఒకే తెరచాప పడవ మూడుసార్లు ఎక్కి దిగాను.

అది ఒక కుర్రాడి పడవ, అంతకుముందు నాగాయలంక దగ్గర ఉప్పునీళ్లలో ఉండి, లారీ మీద ఇక్కడికొచ్చింది. మొదటిసారి వెళ్లి మల్టీమీటర్‌తో, అంటే వోల్టులు కొలిచే మీటర్‌తో, బ్యాటరీ కొలిచాను, 12.6 వోల్టులు. రూటర్ ప్లగ్ దగ్గర కొలిచాను, దాదాపు అంతే. కరెంటు బాగుందని తేల్చేసి యాంటెన్నా మార్చాను. రెండోసారి రూటర్ మార్చాను. మూడోసారి రాత్రి పూట వెళ్లాను. బ్రాడీపేట నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "తిన్నావా నాన్నా" అంటుండగానే ఆమె మొహం తెర మీద అలాగే నిలిచిపోయింది. నా కళ్లు రూటర్ మీదే ఉన్నాయి. దాని దీపాలన్నీ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలిగాయి. "బాబాయ్, మళ్లీ టవర్ పోయింది" అన్నాడు వాడు. టవర్ పోలేదు, రూటర్ ఆగి మళ్లీ మొదలైంది.

నేను చేసిన పొరపాటు ఖాళీగా ఉన్నప్పుడు కొలవడం. రూటర్ ఊరికే ఉంటే కరెంటు కొంచెమే తీసుకుంటుంది, అప్పుడు దారిలో ఎంత అడ్డున్నా మీటర్‌లో పెద్దగా కనిపించదు. వీడియో పంపేటప్పుడు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు రానూ పోనూ 20 మీటర్లుంటే అందులోనే అర వోల్టు దాకా పోతుంది. దారిలో చిలుము పట్టిన ఫ్యూజ్ హోల్డర్ ఒక ఓమ్ అడ్డుగా నిలిచిందంటే ఇంకో వోల్టు. రాత్రి లైట్లు వేశాక బ్యాటరీ 12.2కి దిగితే, రూటర్‌కి చేరేది 10.7. అక్కడే అది పడిపోతుంది. పగలు సోలార్ బ్యాటరీని 13 పైనే ఉంచుతుంది కాబట్టి ఈ లోపం బయటపడదు.

ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఇలా. వీడియో కాల్ నడుస్తుండగా మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండోది రూటర్ ప్లగ్ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టులు దాటితే ఆ దారిలో రోగం ఉంది. రెండో కొసను ఒక్కో అతుకూ బ్యాటరీ వైపు వెనక్కి జరుపుతూ రండి, అంకె ఒక్కసారిగా తగ్గిన చోటుకీ దానికి ముందు కొలిచిన చోటుకీ మధ్యే దొంగ ఉంది. తర్వాత మైనస్ వైపూ ఇలాగే చూడండి. మైనస్‌ని అందరూ వదిలేస్తారు.

ఆ పడవలో హోల్డర్ పైకి కొత్తదానిలా ఉంది. విప్పితే లోపల పచ్చగా చిలుము. వైరు తొక్క తీస్తే రాగి నల్లగా ఉంది, జానెడు కోసినా నలుపే. ఉప్పునీరు వైరు లోపలే పాకుతుంది. అలాంటి వైరుకి కొస గీకి అతికితే రెండు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. మొత్తం తీసేసి తగరం పూత ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగండి, కొసలకి లగ్గులు (వైరు కొసకి తొడిగే లోహపు ముక్కలు) గట్టిగా నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

లక్షణం: పొద్దున బాగుంటుంది, గాలి మారితే పోతుంది.

ఒక్క లంగరు మీదున్న పడవ గాలితో పాటు తిరుగుతుంది. ఒకే దిక్కు చూసే యాంటెన్నా ఇంటి మేడకి పనికొస్తుంది, పడవకి కాదు. అన్ని దిక్కులా పట్టేది పెట్టండి. వాన పడ్డాక మాత్రమే తగ్గితే యాంటెన్నా కేబుల్ అతుకులో నీళ్లు చేరాయి. అది మార్చి, సాగే రబ్బరు టేపు చుట్టండి.

రూటర్ కాలిపోవడం, సిమ్ చిప్ పాడవడం చాలా అరుదు. వాటి జోలికి చివరన వెళ్లండి.

నిజాంపట్నం, మచిలీపట్నం నుంచి సముద్రంలోకి వెళ్లేవాళ్లకి తీరం దూరమయ్యాక ఏ సిమ్ పలకదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో ఇంట్లో ముందే గంటతో సహా చెప్పండి, పడవలోని వీహెచ్ఎఫ్ రేడియోని 16వ ఛానల్ మీద ఉంచండి, ఒడ్డున ఉన్నవాళ్లకి కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఇవ్వండి. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో నేరం, ఎవరు అమ్మజూపినా కొనకండి.

ఇక్కడ నదిలో ఉండేవాళ్లకి ఇంకొకటి. 2024 సెప్టెంబరు మొదట్లో వరదకి కొట్టుకొచ్చిన ఇసుక పడవలు బ్యారేజీ గేట్లని ఢీకొట్టాయి, ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రాత్రి హెచ్చరిక మీకు ఫోన్‌లోనే రావాలి. కాబట్టి రూటర్‌తోనూ పడవ బ్యాటరీతోనూ సంబంధం లేని ఒక కీప్యాడ్ ఫోన్, వేరే కంపెనీ సిమ్‌తో, తల దగ్గర పెట్టుకుని పడుకోండి. ఆ నంబరు ఒడ్డున కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.