బండి జీపీఎస్ ట్రాకర్ లొకేషన్‌ను ఎక్కడ దాచుకుంటుంది, ఎలా పంపుతుంది? మీ బండిలో మీరే చెక్ చేసుకోవడం ఎలా?

మా చిన్నాయనకు ఒక డీసీఎం ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దగ్గరి సున్నిపెంటకు కిరాణా లోడు పోతుంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్‌లో చూస్తే బండి మన్ననూరు చెక్‌పోస్టు దాటి కొంచెం ముందుకెళ్లి అక్కడే నిలబడిపోయింది. గంట, గంటన్నర, రెండు గంటలు. డ్రైవర్‌కు ఫోన్ కలవదు. ఆఖరికి ఆయన సున్నిపెంట చేరి ఫోన్ ఎత్తగానే చిన్నాయన "రెండు గంటలు ఏడ పన్నవ్‌రా?" అని గట్టిగా అరిచాడు. "లేదు సేటూ, నేనేడ ఆపలే, చాయ్‌కి కూడ ఆపలే" అంటాడాయన. నేను పక్కనే ఉన్నాను. యాప్ మూసి మళ్లీ తెరిస్తే, ఇందాక లేని నీలం గీత మన్ననూరు నుంచి దోమలపెంట, ఈగలపెంట మీదుగా కృష్ణ దాటి సున్నిపెంట దాకా పరుచుకుని ఉంది.

డ్రైవర్ అబద్ధం చెప్పలేదు, ట్రాకర్ చెడిపోలేదు. నల్లమలలో సిగ్నల్ లేదు, అంతే. ఆ రెండు గంటల లెక్క పెట్టెలోనే భద్రంగా ఉండి, టవర్ దొరకగానే సర్వర్‌కు, అంటే ఆ డేటాను అందుకుని యాప్‌లో చూపించే కంప్యూటర్‌కు, చేరింది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది డ్రైవర్లు మాటలు పడుతున్నారో అనిపించి, ట్రాకర్ పనితీరును మీరే ఎలా పరీక్షించుకోవాలో వరసగా రాస్తున్నాను.

ముందు పెట్టెలో ఏముందో తెలుసుకోండి

బండి డాష్‌బోర్డు వెనకాల దాక్కున్న ఆ చిన్న పెట్టెలో ముఖ్యంగా నాలుగు ఉంటాయి: ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే జీపీఎస్ చిప్, సిమ్‌తో పనిచేసే మోడెమ్, కొంచెం మెమరీ, ఒక చిన్న బ్యాటరీ. ఇందులో చాలామంది పొరబడేది మొదటిదాని దగ్గరే. మన బండి ఎక్కడుందో ఉపగ్రహం కనిపెట్టి చెబుతుందని అనుకుంటారు. ఉపగ్రహానికి మన బండి సంగతే తెలియదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది టైము, తన స్థానం చెబుతూ పోతుంది. కనీసం 4 ఉపగ్రహాల సిగ్నల్ అందితే, ఒక్కోటి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని మన చిప్పే లెక్క కట్టుకుంటుంది. ఈ పనికి సిమ్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఆకాశం కనిపిస్తే చాలు.

అంటే లొకేషన్ తెలుసుకోవడం ఒక పని, దాన్ని పంపడం ఇంకో పని. అడవిలో ఆగిపోయేది రెండోది మాత్రమే.

మొదటి పని: సిమ్, ఇగ్నిషన్ వైరు చూడండి

పెట్టె మీద స్టిక్కర్‌లో 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి, సర్వర్ మీ బండిని గుర్తుపట్టేది దాంతోనే. తర్వాత అది 2జీ పెట్టెనా 4జీ పెట్టెనా అడిగి తెలుసుకోండి. తక్కువ ధరకు వచ్చేవాటిలో చాలావరకు 2జీ మోడెమ్ ఉంటుంది. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి దాంట్లో జియో సిమ్ వేస్తే ఎన్ని తిప్పలు పడినా పనిచేయదు. కంపెనీయే సిమ్ వేసి ఇస్తే అది 13 అంకెల నంబరున్న ఎం2ఎం సిమ్ అయ్యుండొచ్చు, కంగారు పడకండి, మెషీన్ల కోసం ఇచ్చే నంబర్లు అలాగే ఉంటాయి.

ఇగ్నిషన్ వైరు, అంటే తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు, దాని సంగతి మరీ ముఖ్యం. బిగించేవాళ్లు తొందరలో బ్యాటరీ వైర్లు రెండూ కలిపేసి ఇగ్నిషన్ వైరును వదిలేస్తుంటారు. అప్పుడు బండి నడుస్తున్నా ఆగి ఉందనుకుని పెట్టె నిద్రలోకి పోవచ్చు, నిమిషాలకొకసారి ఒక పాయింటు పంపుతుంది. తాళం తిప్పి యాప్‌లో 'ఇగ్నిషన్ ఆన్' అని మారుతుందో లేదో చూడండి. మారకపోతే మెకానిక్‌ను పిలిచి ముందు అది సరిచేయించుకోండి, మిగతావన్నీ తర్వాత.

రెండో పని: ఒక రికార్డును తెరిచి చదవండి

యాప్‌లో రిపోర్టు అనో హిస్టరీ అనో ఉంటుంది. అందులో మ్యాప్ వదిలేసి పట్టిక చూడండి. ఒక్కో వరుస ఒక్కో రికార్డు: టైము, అక్షాంశం, రేఖాంశం, స్పీడు, బండి ముఖం ఏ దిక్కుకు ఉంది, ఎన్ని ఉపగ్రహాలు అందాయి, ఇగ్నిషన్, బ్యాటరీ వోల్టేజీ. మెమరీలో దాచుకునేది ఇంతే. మ్యాప్ బొమ్మ, ఊరి పేరు, రోడ్డు పేరు ఇవేవీ పెట్టెలో ఉండవు, ఆ అంకెలను చూసి సర్వర్ పెడుతుంది.

టైము మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైములో ఉంటుంది, మన టైముకు 5 గంటల 30 నిమిషాలు తక్కువ. యాప్‌లో టైమ్ జోన్ తప్పుగా ఉంటే తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరిన బండి ముందురోజు రాత్రి 11:30కే కదిలినట్టు చూపిస్తుంది, దాని మీద ఇంకో గొడవ.

సొంతంగా సర్వర్ పెట్టుకునేవాళ్లు ఇంకొక చోట దెబ్బతింటారు. జీపీఎస్ చిప్ ఇచ్చే మామూలు డేటా వరుసలో అక్షాంశం 1722.5 అని ఉంటే అది 17 డిగ్రీల 22.5 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించాలి, అప్పుడు 17.375 వస్తుంది. చుక్క ముందుకు జరిపి 17.225 అని రాసుకుంటే బండి దాదాపు 16, 17 కిలోమీటర్లు దక్షిణానికి పోయి కూర్చుంటుంది. కొన్ని పెట్టెలు చుక్క గొడవే లేకుండా పెద్ద సంఖ్యగా మార్చి దాచుకుంటాయి. టెల్టోనికా అనే కంపెనీ పెట్టె అయితే కోటితో గుణిస్తుంది, 17.375 కాస్తా 173750000 అవుతుంది. చోటు కలిసొస్తుంది, లెక్క కూడా తేలిక.

మూడో పని: ఎంతసేపటికొకసారి రాయాలో పెట్టుకోండి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 10 సెకన్లలో దాదాపు 167 మీటర్లు వెళ్తుంది. హైవే మీద అది చాలు. ఘాట్‌లో చాలదు, మలుపులన్నీ కోసేసి గీత కొండ మీదుగా పోయినట్టు కనిపిస్తుంది. అందుకే మంచి పెట్టెల్లో 'మలుపు తిరిగినప్పుడు కూడా రాయి' అనే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయించుకోండి. మరీ సెకనుకొకటి పెడితే మెమరీ తొందరగా నిండుతుంది. డేటా గురించి మాత్రం టెన్షన్ పడొద్దు: 10 సెకన్లకొకటి చొప్పున రోజుకు 8 గంటలు తిరిగితే 2,880 రికార్డులు, ఒక్కోటి నెట్‌వర్క్ తోకలతో కలిపి 100 బైట్లు వేసుకున్నా నెలకు 9 ఎంబీ దాటదు.

నాలుగో పని: మెమరీ ఉందా లేదా, నిజంగా పరీక్షించండి

మా చిన్నాయన బండిని, ఆ డ్రైవర్ పరువును కాపాడింది ఇదే. సిగ్నల్ పోయినప్పుడు పెట్టె రికార్డులను తన ఫ్లాష్ మెమరీలో వరసగా పేర్చుకుంటూ పోతుంది. పవర్ పోయినా అవి చెరిగిపోవు. మెమరీ నిండితే అన్నిటికన్నా పాతదాన్ని తుడిచి దాని చోట కొత్తది రాస్తుంది. బస్సులు, టాక్సీల కోసం మన దేశంలో పెట్టిన ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం కనీసం 40,000 రికార్డులు పట్టాలి. 10 సెకన్లకొకటి అనుకుంటే 111 గంటలు, అంటే నాలుగున్నర రోజులకు పైనే. మెయిన్ బ్యాటరీ తీసేసినా లోపలి బ్యాటరీ కనీసం 4 గంటలు నడవాలని కూడా అందులో ఉంది. ప్యానిక్ బటన్, మన ఇస్రో వాళ్ల నావిక్ ఉపగ్రహాల సిగ్నల్ అందుకోవడం కూడా ఆ ప్రమాణంలోవే. కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు 2019 జనవరి 1 నుంచి ఈ నిబంధన ఉంది, టూవీలర్లు, ఆటోలు, ఈ-రిక్షాలకు మినహాయింపు.

సొంతంగా కొన్న చవక పెట్టెల్లో ఈ మెమరీ కొన్నిట్లో చాలా తక్కువ, కొన్నిట్లో అసలే ఉండదు. అట్టపెట్టె మీద రాసింది నమ్మకుండా ఇలా చూడండి. పెట్టెకు ఎస్‌ఎంఎస్ పంపి ఏపీఎన్ (సిమ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం) పేరు కావాలనే తప్పుగా పెట్టండి. పంపే ముందు అసలు ఏపీఎన్ ఏముందో తప్పకుండా రాసి పెట్టుకోండి. ఏపీఎన్ తప్పయితే డేటా పోదు, ఎస్‌ఎంఎస్‌లు మాత్రం అందుతూనే ఉంటాయి, జీపీఎస్ కూడా నడుస్తూనే ఉంటుంది. అరగంట ఊళ్లో మలుపులున్న రోడ్ల మీద తిరిగి రండి. ఇంటికొచ్చాక సరైన ఏపీఎన్ పంపి పది నిమిషాలు ఆగండి. తిరిగిన దారంతా మ్యాప్ మీద పరుచుకుంటే మెమరీ బాగుంది. బయలుదేరిన చోటు నుంచి వచ్చిన చోటుకు ఒక్క తిన్నని గీత పడితే, లేదా అసలేమీ రాకపోతే, మీ పెట్టె ఏమీ దాచుకోవడం లేదు. కొందరు పెట్టెకు అల్యూమినియం రేకు చుట్టి చూస్తారు, అది తప్పు పద్ధతి, రేకు ఉపగ్రహాల సిగ్నల్‌ను కూడా ఆపేస్తుంది, ఇక దాచుకోవడానికి ఏముంటుంది? ఏఐఎస్-140 పెట్టె అయితే సెట్టింగుల మీద చేయి వేయకండి, బిగించినవాళ్లనే పరీక్షించి చూపించమనండి.

పెట్టె కొనకముందే ఇదంతా కళ్లారా చూడాలంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి చాలు. ట్రాక్‌కార్ అని ఉచిత ఓపెన్ సోర్స్ సర్వర్ ఉంది, దాని క్లయింట్ యాప్ ఫోన్‌లో వేసుకుంటే ఫోనే ట్రాకర్ అవుతుంది, సర్వర్‌లో 5055 నంబరు పోర్టుకు (డేటా లోపలికి వెళ్లే తలుపు లాంటిది) డేటా పంపుతుంది. ఆఫ్‌లైన్ బఫరింగ్ (నెట్ లేనప్పుడు దాచుకునే సెట్టింగ్) ఆన్ చేసి, మొబైల్ డేటా ఆపేసి, బండిలో పెట్టుకుని తిరిగి రండి. డేటా ఆన్ చేయగానే పాయింట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతుంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఆ స్క్రీన్ ముందే కూర్చున్నాను.

ఐదో పని: పంపేటప్పుడు రసీదు తీసుకుంటోందా?

సిగ్నల్ దొరకగానే పెట్టె ఏపీఎన్ ద్వారా ఇంటర్నెట్‌లోకి వచ్చి, తనలో రాసిపెట్టిన సర్వర్ అడ్రసు, పోర్టు నంబరు పట్టుకుని వెళ్తుంది. ముందు తన ఐఎంఈఐ చెబుతుంది. సర్వర్ గుర్తుపట్టి సరే అంటే అప్పుడు రికార్డుల మూట విప్పుతుంది. టెల్టోనికా పద్ధతిలో సర్వర్ ఎన్ని రికార్డులు అందాయో ఆ సంఖ్యను తిరిగి పంపాలి. 20 పంపితే 20 అని జవాబు రావాలి. రాకపోతే అందలేదని లెక్క, పెట్టె వాటిని తుడవకుండా మళ్లీ పంపుతుంది. పార్శిల్ ఆఫీసులో సంతకం పెట్టించుకున్నట్టే. రసీదు లేకుండా యూడీపీలో పంపి వదిలేసే పద్ధతి కూడా ఉంది, దారిలో పోయింది పోయినట్టే. మీ పెట్టెలో అందినట్టు జవాబు తీసుకునే టీసీపీ, యూడీపీ రెండూ ఉంటే టీసీపీ పెట్టించుకోండి.

దాచిన రికార్డులు ఏ వరసలో పంపాలన్నది కూడా కొన్నిట్లో మార్చుకోవచ్చు. పాతవి ముందు పంపితే బండి చుక్క కాసేపు వెనకాలే ఉండి పరుగెత్తుకుంటూ వస్తుంది. కొత్తవి ముందు పంపితే చుక్క ఒక్కసారి ఇప్పటి చోటుకు దూకి, మధ్య దారి తర్వాత నిండుతుంది. మా చిన్నాయన ఫోన్‌లో గీత ఆలస్యంగా పడిందంటే ఇలాంటి మూట ఏదో అప్పుడే విప్పుకుందన్నమాట.

ఆరో పని: ఎవరినైనా అడిగే ముందు రెండు టైములు చూడండి

ప్రతి రికార్డుకు రెండు టైములు ఉంటాయి: పెట్టె ఆ చోటు రాసుకున్న టైము, సర్వర్‌కు అది చేరిన టైము. ట్రాక్‌కార్‌లో ఫిక్స్ టైమ్, సర్వర్ టైమ్ అని విడివిడిగా దొరుకుతాయి, మామూలు యాప్‌లలో కనీసం 'చివరి అప్‌డేట్' అని ఉంటుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే అది లైవ్. 11:40కి రాసింది 1:50కి చేరిందంటే మధ్యలో సిగ్నల్ లేదు. చివరి అప్‌డేట్ రెండు గంటల కిందటిదైతే మ్యాప్ మీద ఉన్న చుక్క రెండు గంటల కిందటి బండి. బండి నిజంగా ఆగి ఉంటే అదే చోటు నుంచి, స్పీడు సున్నాతో, కొత్త టైములతో రికార్డులు వస్తూనే ఉంటాయి. ఆగిన బండి కొన్ని మీటర్లు అటూ ఇటూ కదిలినట్టు కనిపించడం కూడా మామూలే, దాన్ని కిలోమీటర్లలో కలిపి డీజిల్ లెక్క అడగొద్దు.

పాస్‌వర్డ్ మార్చండి, డ్రైవర్‌కు చెప్పండి

పెట్టెతో వచ్చిన 123456 లాంటి పాస్‌వర్డ్‌ను అదే రోజు మార్చేయండి. 2022 జులైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా, మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. దాంట్లో మాస్టర్ పాస్‌వర్డ్ ముందే రాసిపెట్టి ఉండటం లాంటి లోపాల వల్ల, బయటివాళ్లు బండి ఎక్కడుందో చూడగలరని, ఇంధనం సరఫరా కూడా ఆపగలరని తేలింది. మీ దాంట్లో ఇంజిన్ ఆపే రిలే ఉండి, దాని అవసరం లేకపోతే ఆ వైరు కలపొద్దని చెప్పండి.

ఇక బండిలో ట్రాకర్ ఉందని డ్రైవర్‌కు చెప్పకుండా పెట్టడం నాకు న్యాయం అనిపించదు. మా చిన్నాయన ఆ మర్నాడే అదే యాప్ డ్రైవర్ ఫోన్‌లో కూడా వేయించాడు. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నుంచి ఆయనే ఫోన్ చేస్తాడు: "అడవిలకు పోతున్న సేటూ, మళ్ల సున్నిపెంట కాడ కనిపిస్త."