పాత కోడ్‌ని ఏఐ ఏజెంట్‌తో శుభ్రం చేయించాలంటే ముందు పాత బిల్లులు బయటికి తీయండి

భీమవరం, తణుకు, అమలాపురం చుట్టుపక్కల రైస్ మిల్లులకీ రొయ్యలు కొనేవాళ్ళకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న టీములు మనలో చాలా ఉన్నాయి, అందరి దగ్గరా ఒకటే పరిస్థితి. ఎప్పుడో ఎవరో రాసి హైదరాబాద్ వెళ్ళిపోయిన కోడు, దాని మీద సీజన్‌కో అతుకు, "తరుగు", "తరుగు2", "తరుగు2_కొత్తది" అని మూడు ఫంక్షన్లు, అందులో ఏది నడుస్తోందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. క్లాడ్ కోడ్, కోడెక్స్, కర్సర్ లాంటి ఏజెంట్లు (మనం చెప్పింది విని కోడ్‌ని తామే చదివి మార్చే ఏఐ టూల్స్) వచ్చాక ఇద్దరు ముగ్గురున్న టీము కూడా ఈ చెత్త ఎత్తుకోగలదు, ఇది నేను గట్టిగా నమ్మే మాట. కాకపోతే "కోడ్ మొత్తం క్లీన్ చెయ్" అని చెప్పి టీకి వెళ్ళిపోతే తిరిగొచ్చేసరికి బోలెడు ఫైళ్ళు మారిపోయి ఉంటాయి, చూడ్డానికి నీట్‌గానే ఉంటాయి, ఎక్కడ తేడా కొట్టిందో మాత్రం దాళ్వా (రెండో పంట) కోతల్లో రైతు బిల్లు పట్టుకొచ్చి అడిగితేగానీ తెలీదు.

అందుకే టైమ్ చూసుకోండి. సార్వా (మొదటి పంట), దాళ్వా కొనుగోళ్ళు నడిచేటప్పుడు నడుస్తున్న సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళొద్దు. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తారు చూడండి, అలాగే కాటాలు ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

మొదటి పని కోడ్ మార్చడం కాదు, ఇప్పుడున్న కోడ్ ఏం చేస్తోందో పట్టుకుని ఉంచడం. పోయిన సీజన్ నిజం బిల్లులు ఓ రెండొందలు తీయండి, రైతుల పేర్లు, ఆధార్, బ్యాంక్ అకౌంట్ నంబర్లు మీ చేత్తో మీరే తీసేసి (ఆ డేటా ఏజెంట్ కంట పడనే కూడదు, అసలు డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు కూడా ఏజెంట్ పనిచేసే ఫోల్డర్‌లో ఉంచొద్దు), పాత కోడ్‌లో నడిపి వచ్చిన అంకెల్ని ఫైల్లో దాచండి. మామూలు బిల్లులతో ఆపకండి. తేమ సరిగ్గా హద్దు మీద, అంటే 17 శాతం, ఉన్న లోడు, బస్తాలుగా తెగకుండా కిలోలు మిగిలిన లోడు, అడ్వాన్సే బిల్లు కంటే ఎక్కువున్న రైతు, వెనక్కి తిప్పి పంపిన సరుకు, ఇలాంటివి వెతికి మరీ పెట్టండి. తర్వాత ఏజెంట్‌తో ఈ ఇన్‌పుట్లకి ఇవే అంకెలు పైసాతో సహా రావాలని టెస్టులు రాయించండి. పాత కోడ్‌లో తప్పు కనిపించినా ఇప్పుడు దిద్దొద్దు, రాసి పక్కన పెట్టుకోండి. శుభ్రం చేయడం, తప్పు దిద్దడం రెండూ ఒకే కమిట్‌లో (ఒకసారి సేవ్ చేసే మార్పుల కట్టలో) కలిపేస్తే తర్వాత అంకె ఎందుకు మారిందో చెప్పలేం.

ఇంత పట్టుదల ఎందుకంటే ఒక్క ఉదాహరణ దగ్గరగా చూడండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్ పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో అయిపోయింది, అయినా మిల్లు ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న చోట్లు ఉన్నాయి, ఏజెంట్‌కి చెప్తే పైథాన్ 3కి చకచకా మార్చేస్తుంది. ఇప్పుడు 1,540 కిలోల ధాన్యం, 75 కిలోల బస్తా అనుకోండి. రెండూ పూర్ణసంఖ్యలైతే పైథాన్ 2లో భాగహారం 20 దగ్గర ఆగిపోతుంది, అదే గీత పైథాన్ 3లో 20.53 ఇస్తుంది. బస్తాకి హమాలీ 30 రూపాయలు అనుకుంటే అక్కడ 600, ఇక్కడ 616. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, బిల్లు శుభ్రంగా ప్రింట్ అవుతుంది. రౌండింగ్ కూడా అంతే, 2.5ని రౌండ్ చేస్తే పైథాన్ 2లో 3 వచ్చేది, పైథాన్ 3లో 2 వస్తుంది. పాత బిల్లుల టెస్టు ఉంటే ఇవి రెండూ మొదటి రన్‌లోనే దొరికిపోతాయి, లేకపోతే కంటికి దొరకడం కష్టం.

టెస్టులు కుదిరాక రూల్స్ ఫైల్, అంటే ఏజెంట్ పని మొదలుపెట్టే ముందు చదువుకునే సూచనల ఫైల్ రాయండి. దాని పేరు క్లాడ్ కోడ్‌కైతే క్లాడ్.ఎండీ (CLAUDE.md), చాలా ఏజెంట్లకి ఏజెంట్స్.ఎండీ (AGENTS.md). ఇందులో "క్లీన్ కోడ్ రాయి" లాంటి మాటలు రాసి లాభం లేదు, బయటి మనిషికి తెలియని మన సంగతులు రాయాలి. రొయ్యల బిల్లులో 100 అంటే కౌంట్, అంటే కిలోకి వంద రొయ్యలు, ధాన్యం బిల్లులో 100 అంటే క్వింటాకి కిలోలు, ఈ రెండిటినీ కలిపి ఒకే కాన్‌స్టెంట్ (కోడ్‌లో పేరు పెట్టి ఉంచే స్థిరమైన అంకె) చెయ్యొద్దు అని రాయండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, అమలాపురం బిల్లు అంతకుముందుదైతే తూర్పు గోదావరి అనే ప్రింట్ అవ్వాలి, కొత్తదైతే కోనసీమ, కాబట్టి జిల్లా పేరుని తేదీ చూడకుండా మార్చొద్దు అని రాయండి. టెస్టులు ఎలా నడపాలో కమాండ్ రాయండి, ముట్టుకోకూడని ఫోల్డర్లు రాయండి. ఒక పేజీ దాటకుండా ఉంటే మంచిది.

ఇప్పుడు అసలు పని. కొత్త గిట్ బ్రాంచ్ (అసలు కోడ్ చెడకుండా పక్కన పనిచేసుకునే కాపీ) తీసి ఒక్క విషయం మాత్రమే ఇవ్వండి. అడిగే తీరు ఇలా ఉండొచ్చు: "ఇంకా ఏ ఫైలూ మార్చకు. తరుగు లెక్క ఎక్కడెక్కడ ఉందో వెతుకు, ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారో ఫైలు పేరు, లైను నంబరుతో రాయి, మూడు తరుగు ఫంక్షన్లకీ జవాబు ఎక్కడ తేడా వస్తుందో ఉదాహరణతో చూపించు, తర్వాత ప్లాన్ చెప్పు." తెలుగులోనే అడగొచ్చు, అర్థం చేసుకుంటుంది. ప్లాన్ చదివి ఒప్పుకున్నాకే మార్చమనండి, టెస్టులు పాసైతే కమిట్ చేసి ఆ సెషన్ మూసేసి తర్వాతి పనికి కొత్త సెషన్ తెరవండి, ఎందుకంటే ఒకే సెషన్‌ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాగితే మొదట్లో చెప్పింది మెల్లగా దాని ధ్యాసలోంచి జారిపోతుంది. ఒక మార్పు మీరు కూర్చుని పూర్తిగా చదవగలిగినంతే ఉండాలి, అంతకంటే పెద్దదైతే ముక్కలు చెయ్యమనండి.

చదివేటప్పుడు ముందు టెస్ట్ ఫైళ్ళు మారాయా అని చూడండి. టెస్టు పాస్ అవ్వకపోతే కోడ్ బాగుచెయ్యకుండా టెస్టునే వదులు చేసే అలవాటు ఏజెంట్లలో కనిపిస్తుంది, తప్పుని ట్రై-ఎక్సెప్ట్‌లో (ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా పట్టుకునే కోడ్‌లో) చుట్టేసి నోరు నొక్కడం కూడా. ఈ రెండిట్లో ఏది కనిపించినా ఆ మార్పు మొత్తం వెనక్కి పంపండి, బేరాలొద్దు.

వాడని కోడ్ తీసెయ్యడం దగ్గర ఇంకా జాగ్రత్త. వల్చర్ అనే టూల్ పైథాన్‌లో ఎవరూ పిలవని ఫంక్షన్లు చూపిస్తుంది, ఏజెంట్‌తో దాన్ని నడిపించి లిస్ట్ తెప్పించుకోండి, కానీ లిస్టులో ఉన్నవన్నీ చచ్చిన కోడ్ కాదు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది కాబట్టి అంతకుముందు పన్ను వ్యాట్‌ని లెక్కగట్టే ఫంక్షన్ అక్కర్లేదనిపిస్తుంది, తీరా చూస్తే పాత బిల్లు రీప్రింట్ చేసే మెనూ ఆ ఫంక్షన్ పేరుని డేటాబేస్‌లోంచి తెచ్చుకుని పిలుస్తూ ఉంటుంది, కోడ్‌లో ఎంత వెతికినా ఆ లింకు దొరకదు. అందుకని వెంటనే తీసెయ్యకుండా లోపల ఒక లాగ్ లైన్ (ఎవరైనా పిలిస్తే ఫైల్లో రాసిపెట్టే లైను) పెట్టించి ఒక సార్వా, ఒక దాళ్వా నడవనివ్వండి. ఆడిటర్ గారు పాత కాగితాలు అడిగే నెల కూడా దాటాక లాగ్ ఖాళీగా ఉంటే అప్పుడు తీసెయ్యండి. తీసేసే నిర్ణయం మాత్రం మీదే, ఏజెంట్‌కి వదలొద్దు.

ఏజెంట్ ఏదైనా కొత్త ప్యాకేజీ కలిపితే పైథాన్ ప్యాకేజీలు దొరికే సైట్ పైపీఐలో అది నిజంగా ఉందా, ఎన్నాళ్ళ నుంచి ఉంది అని చూశాకే ఇన్‌స్టాల్ చెయ్యండి. లేని ప్యాకేజీ పేర్లు ఏఐ కల్పించడం, ఆ పేర్లతోనే ఎవడో దొంగ ప్యాకేజీ పెట్టడం సాధ్యమే.

ఒకసారి శుభ్రమయ్యాక నెలకోసారి చిన్న పని పెట్టుకోండి. ప్యాకేజీల్లో తెలిసిన లోపాలు చూపించే పిప్-ఆడిట్ అనే టూల్ నడిపించి, సెక్యూరిటీ లోపమున్న ప్యాకేజీలు ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేయించి, ప్రతిదానికీ పాత బిల్లుల టెస్టు మళ్ళీ నడపాలి. ఆ నెల క్లయింట్ ఫోన్ చేసి "మా లెక్క తేడా వచ్చిందండీ" అన్న ప్రతి బిల్లునీ పేరు తీసేసి, సరైన అంకెతో ఆ టెస్టుల్లో చేర్చండి. రూల్స్ ఫైల్లో కూడా ఆ సంగతి ఒక లైను రాసి, పనికిరాని పాత లైను ఏదైనా ఉంటే అప్పుడే కొట్టేయండి.