ఎండల్లో గాలానికి బెండు ఎంత లోతుకి కట్టాలి?

ఏప్రిల్, మే నెలల్లో గాలం పట్టుకుని చెరువు గట్టుకి వెళ్లేవాళ్లు చాలామంది ఒకే లెక్క వేస్తారు: పైన నీళ్లు కాగిపోతున్నాయి, చేప అడుగున చల్లగా ఉంటుంది, ఎర నేలకి దించేద్దాం. కదలని నీళ్లలో ఈ లెక్క తరచూ తప్పుతుంది. అడుగున చల్లదనం ఉన్నా ఆక్సిజన్ ఉండదు.

20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే కరుగుతుంది, అదే వేడికి చేపకి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. పైగా గాలి ఆడని మధ్యాహ్నం వేడినీరు తేలికై పైనే ఉండిపోతుంది, చల్లనీరు కింద ఆగిపోతుంది, రెండూ కలవవు. కింది పొరకి ఎండా అందదు, గాలీ తగలదు, బురదలో కుళ్లే ఆకులూ మిగిలిపోయిన మేతా అక్కడున్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తాయి.

అందుకే ముందు నీళ్లు చూడండి. ఒక సీసా అడుగున రాయి కట్టి, బిరడాకి విడిగా దారం కట్టి, దించే తాడు మీద అడుగుకో ముడి వేసుకోండి. కావలసిన లోతుకి దించి బిరడా లాగితే అక్కడి నీళ్లే నిండుతాయి. బుడగలు ఆగగానే పైకి లాగి థర్మామీటర్ పెట్టండి, వాసన కూడా చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ లోతులో చేప నిలబడదు, వాసన పోయేదాకా ఒక్కో అడుగూ పైకి రండి, బెండు ఆ లెక్కకి కట్టండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూపే డీఓ కిట్ భీమవరం వైపు ఆక్వా షాపుల్లో దొరుకుతుంది, అది ఉంటే ఇంకా మంచిది. లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటితే బాగున్నట్టే, 3 కిందకి పడితే బొచ్చె, శీలావతి ఎర ముట్టడం కష్టం. సీసాలో గాలి ఉంటుంది కాబట్టి అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

మామూలుగా బొచ్చె పైన, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. అడుగు చెడిపోతే ఎర్రమోసు కూడా పైకి వస్తుంది. కొర్రమీనుకి ఈ లెక్క పనిచేయదు, అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది.

పచ్చటి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, ఎందుకంటే నాచు కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటుంది. పొద్దెక్కాక వెళ్లడం మేలని నా అభిప్రాయం. నడిమధ్యాహ్నం గుర్రపుడెక్క అంచున నీడలో, మూడు నాలుగు అడుగుల లోతులో మొదలుపెట్టండి. దట్టంగా కమ్మేసిన డెక్క కింద మాత్రం వద్దు, అక్కడికి వెలుతురూ గాలీ అందవు.

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గేట్ల నుంచి నీళ్లు దూకేచోట పైనా కిందా కలిసిపోతాయి. అక్కడ లోతుని వేడి కన్నా ప్రవాహమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. నరసాపురం దాటాక గోదావరి పాయ వశిష్ఠలో బరువైన ఉప్పునీరు అడుగున చేరుతుంది కాబట్టి పోటూ పాటూ చూసుకోవాలి.

ఎండ తర్వాత ఒక్కసారిగా గాలీవానా కొడితే అడుగు నీరు పైకి లేచి చెరువంతా ఆక్సిజన్ పడిపోవచ్చు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వేట ఆపేయండి, వెంటనే చెరువు రైతుకి ఫోన్ చేసి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేయమనండి.