జారిపోతున్న ఛాంబర్ బోల్టు

ఇంజన్ ఆయిల్ మారుద్దామని కూర్చుంటే ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు తల అరిగి పానా జారిపోతోందా? 17 ఎంఎం సైజు తల అయితే ఆరు మూలల 16 సాకెట్ తీసుకోండి. పన్నెండు మూలలది వద్దు, మిగిలిన అంచులూ పోతాయి. తలకున్న జిడ్డు తుడిచి, సాకెట్‌ని సుత్తితో నిటారుగా దిగ్గొట్టి, పొడవాటి హ్యాండిల్‌తో ఒకే ఒత్తిడితో ఎడమకి తిప్పండి. కుదుపులిస్తే మళ్లీ జారుతుంది.

పాత బోల్టు మళ్లీ పెట్టొద్దు. కొత్తదానికి కొత్త వాషర్ వేసి, మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. బెజవాడ ఆటోనగర్‌లో కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, థ్రెడ్ పోల్చుకోవచ్చు.

ఛాంబర్ అల్యూమినియందైతే గట్టిగా కొట్టకండి, పగులుతుంది. బోల్టుతోపాటు లోపలి థ్రెడ్ ఊడొస్తే ఈ చిట్కా పనిచేయదు. లేత్ షాపులో హెలికాయిల్ (పాడైన థ్రెడ్ స్థానంలో బిగించే స్ప్రింగులాంటి తీగచుట్ట) వేయించాల్సిందే.